రిటైరయ్యాక ఎక్కడ ఉండాలి? ఆమెను అడిగిందెవరు?

రిటైరైన మగవాడిని చుట్టపక్కాలు అడిగే మొదటి ప్రశ్న, 'ఎక్కడ సెటిలవుతున్నారు?' అని. ముప్ఫై అయిదేళ్లు బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన ఆడమనిషిని అడిగే ప్రశ్న, 'ఎవరి దగ్గర ఉంటారు?' అని. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడాలోనే ఉంది విషయమంతా. అతనికి ఊరు కావాలి. ఆమెకు ఎవరో ఒకరి ఇల్లు చాలు! ఆమెకూ ఒక ఊరు మీద ఇష్టం ఉంటుందని, ఆ ఇష్టానికి విలువ ఉందని మనం ఎందుకు అనుకోం?

అమెరికాలో చాలామంది రిటైరయ్యాక యూనివర్సిటీ ఉన్న చిన్న ఊళ్లకు వెళ్లి స్థిరపడతారు. లైబ్రరీ ఉంటుంది, పెద్దాసుపత్రి ఉంటుంది, ఉపన్యాసాలు, సంగీతం ఉంటాయి, వీధిలో పడుచువాళ్లు కనబడుతుంటారు. వయసు మళ్లినవాళ్లను ఫీజు లేకుండా తరగతిలో కూర్చోనిచ్చే యూనివర్సిటీలు కూడా ఉన్నాయి. మన దగ్గరా ఈ ఆలోచన కొత్తది కాదు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న తిరుపతి, కాకతీయ యూనివర్సిటీ ఉన్న హనుమకొండ, ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న వాల్తేరు - ఉద్యోగాలు ముగిశాక వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లన్నిటా కనిపిస్తారు. అయితే ప్లాటు చూసి వచ్చింది ఎవరు? బేరమాడింది ఎవరు? గృహప్రవేశం నాడు మాత్రం పాలు పొంగించడానికి ఆమె కావాలి.

శాలిబండలో ఉంటున్న నాకు ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. 'ఇంకా ఆ పాతబస్తీలో ఏముందని ఉన్నారు?' అని. ఏముందో లెక్క చెబుతాను. మా గడియారస్తంభం నుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపే మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ కాలేజి ఉంది. 1891లో ఆసఫియా పేరుతో పుట్టి, 1936లో అఫ్జల్‌గంజ్‌లో సొంత భవనానికి చేరిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల ఉంది. అది 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, చార్మినార్ దగ్గర యునానీ ఆసుపత్రి ఉంది. చదువుల ఊరంటే ఇంతకంటే ఏముంటుంది? 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి లైబ్రరీకి పోవడానికి ఎవరినీ పైసలడగక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదని చేయి చాచిన ప్రతి మనిషికీ తెలుసు.

వీటన్నిటికీ మించినది ఒకటుంది. నలభై ఏళ్లుగా కూరగాయల బండి అతనికి, మందుల షాపతనికి, పక్కింటి బేగంకు, లాల్‌దర్వాజా బోనాలకు కలిసి నడిచే ఆడవాళ్లకు ఆమె ఫలానా టీచరమ్మగా తెలుసు. రెండు రోజులు తలుపు తెరుచుకోకపోతే తట్టే మనుషులున్నారు. ఆమెను కొడుకు మాదాపూర్ వైపు పద్నాలుగో అంతస్తుకు తీసుకుపోతాడు. ప్రేమతోనే, కాదనను. కానీ అక్కడ ఆమె పేరు 'బాబుగారి అమ్మ' అవుతుంది. పొద్దున మనవడికి టిఫిన్ బాక్సు, మధ్యాహ్నం స్కూలు బస్సు, సాయంత్రం హోంవర్కు. ఆఫీసు ఆమెను రిటైర్ చేసింది, ఇల్లు చెయ్యలేదు. ఇంకొందరి పని విదేశాల్లో. కూతురి పురిటికి ఆరు నెలలు, కోడలి పురిటికి ఆరు నెలలు. పిల్లలను పెంచడం తప్పని అనడం లేదు. అడిగి చేయించుకోండి, కాదనే హక్కు ఆమెకు ఉంచండి అంటున్నాను.

అసలు రిటైర్మెంటు అన్న మాటే లేని ఆడవాళ్లు మా గల్లీల్లో ఎక్కువ. ఇంట్లోనే కూర్చుని లక్కగాజులకు రాళ్లు అతికేవాళ్లు, జరీపని చేసేవాళ్లు, నాలుగిళ్లలో గిన్నెలు తోమేవాళ్లు. వీళ్లకు గ్రాట్యుటీ ఎవరిస్తారు? 2014లో ఆసరా పేరుతో మొదలైన వృద్ధాప్య పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలైంది. ఒక గదికి అద్దె కడితే ఇక ఏం మిగులుతుంది? కళ్లు కనబడనంత వరకూ రాళ్లు అతుకుతారు, తరవాత ఏ కొడుకు వంతో చూసుకుంటారు. ఊరు ఎంచుకోవడం పింఛనున్న వాళ్ల మాట అని కొట్టిపారెయ్యకండి. ఉన్నచోట ఉండగలగడం కూడా ఎంపికే.

పాతబస్తీ స్వర్గమని చెప్పడం లేదు. ఫుట్‌పాత్ మీద బండ్లు, బండ్ల పక్కన స్కూటర్లు, మోకాళ్ల నొప్పులతో రోడ్డు దాటాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాననీళ్లు వచ్చాక రోగులను అక్కడి నుంచి తరలించారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. పిల్లల భయాలు ఉత్తవి కావు. కానీ దానికి జవాబు ముసలివాళ్లను ఊరు దాటించడమా, ఊరిని ముసలివాళ్లు నడిచేలా చెయ్యడమా?

ఇక మెట్రో సంగతి. 2024 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం రోజున, పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఆ దారి శాలిబండ మీదుగానే పోతుంది. రోడ్డు వెడల్పులో పోయే ఇళ్లకు 2025 జనవరిలో పరిహారం చెక్కులివ్వడం మొదలైంది. మెట్రో రావాలి, మాకూ కావాలి. కానీ చెక్కు ఎవరి పేరు మీద వస్తుంది? కాగితం మీద పేరున్న వాళ్లకు. యాభై ఏళ్లు ఆ ఇంటిని కడిగి ముగ్గేసిన మనిషికి కాదు. ఆ సొమ్ము అన్నదమ్ముల మధ్య పంపకమై, ఆమె మాత్రం వంతుల్లో పడుతుంది.

అందుకే ముందు కాగితం సంగతి చూసుకోవాలి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా భర్త పోతే, అతని స్వార్జితంలో భార్యకు పిల్లలతో సమానంగా వాటా ఉంది. ముస్లిం షరియత్ ప్రకారం పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు ఉంది, మెహర్ బాకీ ఉంటే అదీ రావాలి. ఈ వాటాలను మన ఆడవాళ్లు సంతకాలు పెట్టి వదులుకుంటున్నారు, 'అమ్మా, ఇక్కడ ఒక్క సంతకం' అనగానే.

2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అన్ని మతాల వాళ్లకూ వర్తిస్తుంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ దానపత్రం రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు రుజువు కాకపోతే ఈ సెక్షన్ పనికిరాదని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో చట్టాన్ని వృద్ధుల మేలు కోసం ఉదారంగా చదవాలని చెప్పి, ఒక తల్లి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. నీతి ఏమిటి? నోటిమాట నమ్మకండి, షరతు కాగితం మీద రాయించండి. ఇంకొక మాట కూడా. ఈ చట్టం పేరు చెప్పి కోడలిని ఇంట్లోంచి గెంటడానికి వీల్లేదని, ఆమె నివాసహక్కునూ చూడాలని 2020లో వనిత కేసులో అదే కోర్టు అంది. అత్తకు గూడు దక్కడం కోసం కోడలు రోడ్డున పడక్కర్లేదు.

జిల్లాకొకటి చొప్పున, ఒక్కోదాంట్లో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చని ఇదే చట్టం అంది. 'చేయవచ్చు' అంది, 'చేసి తీరాలి' అనలేదు. ఆ ఒక్క మాట మార్పించడానికి మనం పోరాడాలి. మార్చినా ఆ ఆశ్రమం ఊరి చివర, శ్మశానం పక్కన కాకుండా లైబ్రరీకి, ఆసుపత్రికి, బస్టాపుకి దగ్గరగా ఉండాలని అడగాలి. మన కాలేజీల గ్రంథాలయాలు, తరగతులు అరవై దాటిన ఆడవాళ్లకు తెరవమని అడగాలి. చిన్నప్పుడు ఏడో తరగతితో చదువు మాన్పించిన తరం అది. వాళ్లకు సమాజం బాకీ పడింది.

ప్రభుత్వాన్ని అడిగే లోపల మన ఇంట్లో అడగాల్సింది ఒకటుంది. ఈ పత్రిక చదివేవాళ్లు ఈ రాత్రే మీ అమ్మనో అత్తనో అడగండి. 'ఎవరి దగ్గర ఉంటావు?' అని కాదు. 'నీకు ఎక్కడ ఉండాలని ఉంది?' అని. వెంటనే జవాబు రాకపోవచ్చు, ఎందుకంటే ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. తొందరపెట్టకండి. ఆమె చెప్పిన ఊరు మీకు నచ్చకపోయినా, అది ఆమె ఊరని ఒప్పుకోండి.