అక్కడ మంచూరియా అడగొద్దు!

పాలకీడు నుంచి నేరేడుచర్ల, అక్కణ్నుంచి మిర్యాలగూడ... ఏ సెంటర్లో ఆగినా సాయంత్రమయ్యేసరికి ఫాస్ట్‌ఫుడ్ బండి మీద కడాయి మోగుతుంటుంది. ఎగ్ నూడుల్స్, ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా... పిల్లలకి అదే చైనా! పెళ్లిరోజనో, పరీక్షలు పాసయ్యారనో అదే కుటుంబం హైదరాబాదులో ఓ పెద్ద హోటల్లోని చైనీస్ రెస్టారెంటుకి వెళ్లిందనుకోండి. ఆవిరి మీద ఉడికించిన చేప, పైన నాలుగు అల్లం పోగులు, కాసింత సోయా. బిల్లు చూస్తే ఇంటికి నెల సరుకులొచ్చేంత. ‘దీనికా ఇంత?’ అనిపిస్తుంది.

అనిపించడంలో తప్పులేదు. మంచూరియాకీ చైనాలోని ఆ పేరుగల ప్రాంతానికీ సంబంధమే లేదు మరి. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటగాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో చేసిన ప్రయోగమది. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనలాగే వేయించి, గరం మసాలాకి బదులు సోయా సాస్ పోశాడు. రుచి మనది, రంగు వాళ్లది!

అసలు ‘చైనీస్ వంట’ అంటూ ఒకటి లేదు. అక్కడివాళ్లు ఎనిమిది పెద్ద సంప్రదాయాలని లెక్కపెడతారు. గ్వాంగ్‌డాంగ్‌లో చేప తాజాదనం తెలియాలి, మసాలా దాన్ని కప్పేయకూడదు. సిచువాన్ మాత్రం తెలుగు నాలుకకి మేనమామ ఊరే. ఎండుమిర్చి దండిగా పడుతుంది. మిర్చి, చిక్కుడు జాతి గింజలు కలిపి నెలల తరబడి ఊరబెట్టే దౌబాన్‌జియాంగ్ మన ఊరగాయ జాడీకి దూరపు చుట్టం. వీటికి తోడు హ్వాజియావ్. సిచువాన్ మిరియం అంటారుగానీ నిజానికది నిమ్మ కుటుంబంది. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిర్ఫల్‌కి దగ్గరి బంధువు. కొరికితే నాలుక జివ్వుమని తిమ్మిరెక్కుతుంది. ఆ తిమ్మిరీ మిర్చి కారమూ కలిస్తే ‘మాలా’.

1973లో బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో తెరిచిన గోల్డెన్ డ్రాగన్ ఈ సిచువాన్ రుచిని మనదేశంలో పెద్ద హోటళ్లకి పరిచయం చేసింది. అదే పేరున్న రెస్టారెంటు హైదరాబాదు తాజ్ కృష్ణాలోనూ ఉంది. బండి దాకా వచ్చేసరికి సిచువాన్ కాస్తా ‘షెజ్వాన్’ సాస్ అయింది, తిమ్మిరి దారిలోనే జారిపోయింది!

లండన్‌లోనూ ఇలాంటి కథే. ఆండ్రూ వాంగ్ అమ్మానాన్నలది మామూలు చైనీస్ రెస్టారెంటు. ఆయన ఆంత్రోపాలజీ చదివి, చైనా ప్రాంతాలు తిరిగి, 2012లో అదే స్థలంలో ‘ఎ. వాంగ్’ తెరిచాడు. ఒక్కో ప్రాంతం వంటనీ రెండు ముద్దలంత చేసి వడ్డిస్తాడు. 2021లో రెండు మిషెలిన్ నక్షత్రాలొచ్చాయి. ఆసియా బయట చైనీస్ రెస్టారెంటుకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మన రైతుకి ఈ వంటతో మరో లంకె ఉంది. ఖమ్మం, గుంటూరు యార్డుల నుంచి తేజ రకం మిర్చిని చైనా భారీగా కొంటుంది. అక్కడ కొనుగోళ్లు మందగిస్తే ఇక్కడ క్వింటా ధర జారుతుంది. చెంగ్డులో ఎవరో కారం తినడం మన కల్లంలో లెక్క తేలుస్తుందన్నమాట!

ఈసారి వెళితే మాపో దౌఫు చెప్పి చూడండి. 19వ శతాబ్దంలో చెంగ్డులో పుట్టిన వంటకం. మెత్తటి సోయా పనీర్, ఎర్రటి నూనె, పైన హ్వాజియావ్ పొడి. మాంసం కీమా పడుతుంది కాబట్టి శాకాహారులు ముందే అడగాలి. గిన్నె మధ్యలో పెట్టుకుని అందరూ తెల్లన్నంలో కలుపుకోవాలి. నాలుక తిమ్మిరెక్కిందని కంగారుపడకండి, కాసేపట్లో అదే పోతుంది.