సగటు చాటున దాగిన ముప్పు

వాతావరణ మార్పుల దెబ్బ ఏ ప్రాంతపు సేద్యానికి ఎంత తగులుతుందో ముందే లెక్కకట్టే పని మన దేశంలో చాన్నాళ్లుగానే జరుగుతోంది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) 2013లో 572 గ్రామీణ జిల్లాలను 38 సూచికలతో తూచి ఒక అట్లాస్ తెచ్చింది. 2019లో మరోసారి 573 జిల్లాలను పరిశీలించి, 109 జిల్లాలు అత్యధిక ముప్పులోనూ 201 జిల్లాలు అధిక ముప్పులోనూ ఉన్నాయని తేల్చింది. వాతావరణ మార్పులను తట్టుకునే సేద్యం కోసం 2011లో మొదలైన ‘నిక్రా’ ప్రాజెక్టు కింద ఏయే జిల్లాల్లో పల్లెలను ఎంచుకోవాలో నిర్ణయించడానికి ఇలాంటి అంచనాలే ఆధారం. ఈ కృషిని తక్కువ చేయలేం. కాకపోతే అట్లాస్ చూపేది దెబ్బ ఎక్కడ తగులుతుందన్నది మాత్రమే. ఒకే ఊళ్లో, ఒకే వాన కింద, ఒక కుటుంబం మరుసటి ఏడుకల్లా తేరుకుంటుంటే పక్క కుటుంబం ఎందుకు ఊరు విడిచిపోతోందో అందులో కనబడదు. పైగా మనం బలమని లెక్కవేసుకుంటున్న వాటిలో కొన్ని రైతు మెడకు చుట్టుకుంటున్నాయి.

ఈ అంచనాల తీరు స్థూలంగా ఇది. వాన, ఎండ ఎంతగా మారబోతున్నాయన్నది ఒక పాలు. ఆ మార్పుకు నేల, పంట ఎంత త్వరగా దెబ్బతింటాయన్నది రెండో పాలు. అక్షరాస్యత, రోడ్లు, మార్కెట్లు, కరెంటు, నికర సాగునీటి విస్తీర్ణం లాంటివన్నీ ‘తట్టుకునే శక్తి’ పేరిట మూడో పాలు. నీరు పారే ఎకరాలు పెరిగితే జిల్లా మార్కులు పెరుగుతాయి. గోదావరి కాలువ కింది ఎకరాకూ, రాయలసీమలో వెయ్యి అడుగుల బోరు కింది ఎకరాకూ ఆ గడిలో తేడా ఉండదు.

అనంతపురాన్నే తీసుకుందాం. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. తరాలుగా అక్కడి ప్రధాన పంట వేరుశనగ. ఎకరాకు అరవై కిలోలకు అటూ ఇటూగా పప్పు విత్తాలి కాబట్టి, తొలకరి పదును చూసి విత్తిన రోజే పెట్టుబడిలో పెద్ద భాగం మట్టిలోకి వెళ్లిపోతుంది. పూత దాటి ఊడలు దిగే వేళకు బెట్ట పట్టి నేల బిగుసుకుందా, ఊడ మట్టిలోకి చొచ్చుకుపోలేదు. ఆ తర్వాత సెప్టెంబరులో కుండపోతగా కురిస్తే వర్షపాతం పట్టికలో లోటు పూడుతుందేమో గానీ దిగని ఊడకు కాయ పట్టదు. సీజను మొత్తం మీద వాన ‘సాధారణం’ అని రాసుకున్న ఏడాదే పంట పోవడంలో అందుకే వింతేమీ లేదు.

ఈ గండం తప్పించుకోవడానికే రైతు బోరు వైపు, చీనీ తోట వైపు మళ్లాడు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి అనుకూలత ఉండదు: వర్షాధారం తగ్గింది, సాగునీరు పెరిగింది, విలువైన పంట వచ్చింది. కానీ అది గట్టి రాతి నేల. నీరు బండ పగుళ్లలోనే ఉంటుంది. పక్క పొలంలో ఇంకా లోతుకు బోరు దిగితే ఈ బోరు ఎత్తిపోతుంది. కరెంటు ఉచితమే గానీ బోరు ఉచితం కాదు. ఒకటి పడకపోతే రెండోది, అదీ పడకపోతే మూడోది, ప్రతిదానికీ అప్పే. వేరుశనగ పోతే ఒక సీజను నష్టం. కాపుకు రావడానికే ఐదారేళ్లు పట్టే చీనీ చెట్టు ఎండితే, పోసిన ఏళ్లూ రావలసిన ఏళ్లూ కలిసి పోతాయి. అందుకే కరవు ఏడాదుల్లో అక్కడి రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్నారు. ఆ ట్యాంకరు ఖర్చు ఏ సూచికలోనూ ఉండదు, ఆ తోట మాత్రం సాగునీటి విస్తీర్ణంలో నిక్షేపంగా ఉంటుంది.

నిఖార్సయిన కాలువ నీరున్న డెల్టాలో కథ వేరేగా నడుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి డెల్టాలో చాలాచోట్ల వరి కోతల మీద ఉంది. పనల మీద వాన పడితే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, కాబట్టి తడిసిన ధాన్యం రోడ్ల మీద ఆరబోయాలి లేదా అడిగిన రేటుకు వదిలించుకోవాలి. పొలం సొంతమైన రైతుకు అది ఒక పంట నష్టం. కౌలు రైతుకు అలా కాదు. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్న మక్తా తుపాను వచ్చిందని తగ్గదు. పరిహారమేమో పంట నమోదులో ఎవరి పేరుంటే వారి ఖాతాకు పోతుంది. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలలకు చెల్లే కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో ఎందరో యజమానులు పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు రాదు, ఎరువుల దుకాణంలో నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి అరువు తేవాలి. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి మీదా పడ్డ వాన ఒక్కటే, తగిలిన దెబ్బలు రెండు రకాలు.

జాతీయ నమూనా సర్వే (2019) లెక్కలు ఈ సందర్భంలో ఆలోచింపజేస్తాయి. రైతు కుటుంబం నెత్తిన సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలు, తెలంగాణలో 1.52 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 2.45 లక్షలు. అన్ని రాష్ట్రాల్లోకీ ఇదే ఎక్కువ. అప్పు పుట్టడం కూడా బలమే కదా అని ఆర్థికవేత్తలు అనవచ్చు. నిజమే. అప్పు ఎక్కడ, ఏ వడ్డీకి పుట్టిందన్నదే అది బలమో ఉరితాడో తేలుస్తుంది. ఆ సంగతి సగటు చెప్పదు.

ఇదంతా పేదరికం, భూసంబంధాల గొడవ, దీన్ని వాతావరణం ఖాతాలో ఎందుకు వేయాలన్న అభ్యంతరం ఒకటుంది. కొట్టిపారేయదగ్గది కాదు. అప్పూ కౌలూ ఎప్పటినుంచో ఉన్నవే. కానీ ఒక చెడ్డ ఏడాదికీ మరో చెడ్డ ఏడాదికీ మధ్య దొరికే వ్యవధితోనే రైతు ఇంతకాలం నెట్టుకొచ్చాడు. మంచి పంట ఒకటి వస్తే పాత బాకీ తీరేది. వాతావరణం గతి తప్పితే కుదించుకుపోయేది ఆ వ్యవధే. బాకీ తీరకముందే మరో దెబ్బ పడితే ఎవరు నిలుస్తారన్నది వాన లెక్క ఒక్కదానితో గానీ, పేదరికం లెక్క ఒక్కదానితో గానీ తేలదు.

ఇంటింటి లెక్క అసాధ్యం, ప్రభుత్వం నడిచేదే జిల్లా లెక్కన అన్నది మరో వాదన. జిల్లాల మధ్య డబ్బు పంచడానికి అట్లాస్ చాలు, సందేహం లేదు. జిల్లా లోపలికి వచ్చాక కూడా సగటునే పట్టుకోవడంతోనే పేచీ. పంటల బీమా అనుభవమే చూడండి. ఊరి సగటు దిగుబడి మీద పరిహారం కట్టే పథకంలో, తన పంట ఒక్కటే పోయిన రైతుకు చాలాసార్లు దక్కేది శూన్యం. ఆ బీమా అయినా స్థిరంగా ఉందా అంటే, 2016లో మొదలైన కేంద్ర పథకం నుంచి తెలంగాణ 2020లో తప్పుకుంది, ఆంధ్రప్రదేశ్ కొన్నేళ్లు దూరంగా ఉండి 2022లో తిరిగి చేరింది. ప్రభుత్వాల నిర్ణయంతో వచ్చిపోయే రక్షణను ‘తట్టుకునే శక్తి’ కింద శాశ్వతంగా జమకట్టడం ఎలా?

కొత్తగా ఇంటింటికీ తిరగనక్కర్లేదు. సర్వే నంబరు వారీగా ఏ పంట, ఎవరి సాగు అన్నది ఈ-పంట నమోదులో ఉంది. భూరికార్డులో యజమాని పేరుంది. ఈ రెండూ తేడాగా ఉన్న విస్తీర్ణం మండలానికి ఎంతో లెక్కిస్తే కౌలు రైతుల ఆచూకీ చాలావరకు దొరుకుతుంది. పంట నమోదుకే ఎక్కని కౌలు రైతు ఇందులోనూ జారిపోతాడు కాబట్టి, ప్రతి మండలంలో కొన్ని ఊళ్లలో నమూనా సర్వే తప్పదు. దానికి మూడు ప్రశ్నలు చాలు: గత ఐదేళ్లలో వేసిన బోర్లెన్ని, ఎండినవెన్ని, సాగుకు తెచ్చిన అప్పు ఎవరి దగ్గర? సాగునీటి గడిని కూడా కాలువ, చెరువు, బోరు అని విడదీసి, భూగర్భజలం అడుగంటిన చోట బోరు ఎకరాను బలం పద్దులోంచి తీసేయాలి. అప్పుడు పటం మీద రంగులు మారతాయి. ఇన్నాళ్లూ సురక్షితమనిపించుకున్న కొన్ని మండలాలు ముప్పు జాబితాకు ఎక్కుతాయి.