శిశుపోషణము: తీపి గిట్టని బిడ్డ



అన్నప్రాశననాడు పాయసము నాలుకకు తగిలినంతనే మొగము త్రిప్పుకొను బిడ్డను జూచి నవ్వుకొనని యిల్లుండదు. "వీనికి కారమే కావలెనేమో" యని మేనత్త పరిహసించును. అవ్వ మరల చెంచా నింపును. చాలవరకు ఆ నవ్వులో దోషమేమియు లేదు. కొత్త రుచి గనుక బిడ్డ ముడుచుకొనును, నాలుగు దినములలో అలవాటు పడును. కాని నెలలు గడచినను తీపిని జూచి పెదవులు బిగించు బిడ్డలు, బలవంతముగ మ్రింగించినచో కొంతసేపటికే కక్కి, చెమటలు పట్టి, తోటకూర కాడవలె వాడిపోవు బిడ్డలు ఎక్కడనో కొందరుందురు. అట్టి బిడ్డ పెంకితనము చేయుటలేదు. తన దేహమునకు సరిపడనిదానిని తానే యెరిగి వలదనుచున్నది. ఈ నెల ఆ బిడ్డను గూర్చి వ్రాయదలచితిమి.

పండ్లలోను తేనెలోను సహజముగ నుండు ఒక తీపికి ఫలశర్కర యని పేరు. డాక్టర్లు ఫ్రక్టోజు అందురు. మన వంటింటి చక్కెరలో సగము గ్లూకోజు, తక్కిన సగము ఈ ఫలశర్కరయే. బెల్లములో అధికభాగము ఆ చక్కెరయే గనుక "చక్కెర పడకున్న బెల్లము పెట్టుదము" అనుకొనుటవలన లాభము లేదు. ఫలశర్కరను కాలేయము విడగొట్టుటకు ఆల్డొలేజు-బి అను ఎంజైము కావలయును. పుట్టుకతోనే అది కొరవడిన బిడ్డలో ఫలశర్కర సగము మారి కాలేయమునందే చిక్కుకొనును. అది అట్లు నిలిచియున్నంతసేపు కాలేయము రక్తములోనికి గ్లూకోజును విడువజాలదు. తీపి తినిన బిడ్డకు రక్తములో చక్కెర పడిపోవుట యను వింత ఇందువలననే కలుగుచున్నది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యిండ్లలో పసిబిడ్డ తిండి యెట్లు మొదలగునో తలచుకొనుడు. తల్లిపాలు త్రాగునన్నాళ్లు ఈ లోపము గల బిడ్డయు పచ్చగా పెరుగును, ఏలనన పాలలోని తీపి వేరు. అందు ఫలశర్కర లేదు. పిమ్మట రాగిజావ వచ్చును, దానిలో బెల్లము వచ్చును. నలిపిన అరటిపండు వచ్చును. వేసవిలో మామిడిరసము వచ్చును. బిడ్డ వాంతి చేసుకొనినచో నింద రాగులపై పడును, లేదా దిష్టిపై పడును. పుంగనూరు పొట్టి ఆవుపాలు వెన్న మిక్కుటముగ గలవని పేరుపొందినవి గదా, "ఆ చిక్కదనము అరుగలే" దని పాలను మాన్పించువారును ఉందురు. తప్పు పాలది కాదు, రాగులది కాదు. వానిలో కలిపిన చెంచాడు తీపిది కావచ్చును. తీపి లేని జావ త్రాగి కులాసాగా నుండి, బెల్లము పడిన దినముననే కక్కు బిడ్డ ఆ సంగతిని తల్లికి చెప్పకయే చెప్పుచున్నది.

కనిపెట్టవలసిన గురుతులివి. తీపి తినిన కొద్దిసేపటిలో వాంతి, చెమట, వణకు, మత్తు, ఒక్కొక్కప్పుడు ఫిట్లు. కొన్నాళ్లు అట్లే పెట్టుచు పోయినచో బిడ్డ తూకము పెరగదు, కడుపు కుడివైపున కాలేయము ఉబ్బును, కన్నులు పచ్చబడును. ఆలస్యమైనచో కాలేయమును మూత్రపిండములును చెడి ప్రాణాపాయము రావచ్చును. కొంత పెద్దవారైన పిల్లలలో మరియొక విచిత్రమైన గురుతు కలదు: తోడిపిల్లల పండ్లు పుచ్చిపోవుచుండగా వీరి పండ్లు ముత్యములవలె నుండును. తీపి ముట్టని నోటికి పిప్పిపండ్లు అరుదు గదా.

1956లో ఇంగ్లండునందు ఛేంబర్సు, ప్రాట్ అను ఇరువురు వైద్యులు ఈ జబ్బును మొదట వర్ణించిరి. వారు పరీక్షించినది చంటిబిడ్డను కాదు, 24 ఏండ్ల యువతిని. ఆమెకు పండ్లును చక్కెరయు చిన్ననాటినుండియు పడవు. అన్నియేండ్లు ఆమెను కాచినది మందు కాదు, తన నాలుకయే. లోపించిన ఎంజైము ఏదియో తెలియుటకు మరి కొన్ని సంవత్సరములు పట్టినది.

ఇది చాల అరుదైన జబ్బు. ఐరోపా దేశముల అంచనాలలో ఇంచుమించు 20,000 మందికి ఒక్కరు. కావున వాంతియైన ప్రతి బిడ్డకును పండ్లు మాన్పించి కూర్చుండరాదు. ఇంతకంటె తరచుగా కనబడునది వేరొకటి కలదు. కొందరి ప్రేగులు ఫలశర్కరను కొంతవరకే పీల్చుకొనగలవు. మిగిలినది పెద్దప్రేగునకు జారి అచట పులిసి, కడుపుబ్బరము, నొప్పి, నీళ్లవిరేచనములు కలిగించును. మామిడికాలములో మూడు పండ్లు ఒక్క పూటలో తిని రాత్రి కడుపు పట్టుకొని యేడ్చు పిల్లవానిది సాధారణముగ ఇదియే. వాని కాలేయమునకు భయము లేదు. పండ్లు తగ్గించిన చాలును. మొదటిదానిలో చెమటయు, మత్తును, తూకము పెరగకపోవుటయు ఉండును, రెండవదానిలో ఉండవు. తల్లి ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

అనుమానము తోచినచో తీపిని ఆపి, ఏ దినమున ఏమి తినినది, ఎంతసేపటికి ఏమి జరిగినది ఒక కాగితముపై వ్రాసికొని పిల్లల డాక్టరునొద్దకు పోవలెను. "నిజమేనా చూతము" అని యింటిలో మరల బెల్లము పెట్టి పరీక్షింపరాదు. అది ప్రాణముతో చెలగాటము. ఇప్పుడు రక్తముద్వారా జన్యుపరీక్ష చేసి నిశ్చయింపవచ్చును. కుప్పములో వైద్యకళాశాల ఆసుపత్రి యున్నది. అచటినుండి బెంగుళూరునకును, కాట్పాడి మీదుగా వేలూరునకును రైలున్నది. బిడ్డ మత్తులో పడినచో, ఫిట్లు వచ్చినచో, కాగితము మాట తరువాత. నోట ఏమియు పోయక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

మన ప్రాంతమున చెప్పితీరవలసిన మాట యొకటి. తల్లియు తండ్రియు ఇరువురును ఈ లోపమును లోలోపల మోయుచున్నప్పుడే, వారి కాన్పులలో ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు ప్రమాదము. వారికి మాత్రము ఏ బాధయు తెలియదు. మేనరికములలోను, మేనమామతో చేయు పెండ్లిండ్లలోను ఇరువురికిని ఒకే లోపము సంక్రమించు అవకాశము హెచ్చు. ఈ మాట కోడలిని దూరుటకు పనికిరాదు. సగము కొడుకునుండియే వచ్చినది. ఒక బిడ్డకు జబ్బు తేలినచో తోబుట్టువులను తీపి పెట్టకమునుపే పరీక్షింపించుటకు పనికివచ్చును.

జబ్బు నిశ్చయమైన బిడ్డకు అన్నము, రాగిసంగటి, పాలు, పెరుగు, నెయ్యి, గ్రుడ్డు, మాంసము నిరభ్యంతరములు. చక్కెర, బెల్లము, తేనె, పండ్లు జీవితాంతము వలదు. (తేనెను ఏ బిడ్డకును ఏడాది నిండువరకు నాకింపరాదు, అది వేరు కారణము.) కష్టమెల్ల తీపి తోచనివానిలోనే యున్నది. మదనపల్లె మార్కెట్టునుండి దేశమంతటికిని పోవు టమాటా, ఆ యూరి చారులోను పప్పులోను పడక మానదు. అందును నూరు గ్రాములకు ఒక గ్రాము పైగా ఫలశర్కర కలదు. ఏ కూర ఎంత పెట్టవచ్చునో డాక్టరుచే వ్రాయించుకొనవలెను. పండ్లు మానిన బిడ్డకు సి విటమినును చక్కెర లేని రూపములో ఇప్పింపవలెను.

విరేచనములకు మనమందరము నేర్చిన ఉప్పు-చక్కెర నీరు ఈ బిడ్డకు విషమే. గ్లూకోజుతో చేసిన పొట్లము, అదియు రుచులు కలుపనిది, డాక్టరు నడిగి తెచ్చి ముందుగనే యింట నుంచుకొనవలెను. దగ్గుమందు, జ్వరపు సిరపు అన్నిటిలోను చక్కెరయో, సార్బిటాలో ఉండవచ్చును. సార్బిటాలు దేహములో ఫలశర్కరగానే మారును. కావున మందుల అంగడిలో మాట మొదట చెప్పవలెను. ఈ రెండును కలిసిన ద్రవమును నరములోనికి ఎక్కించుట మిక్కిలి అపాయకరము. జబ్బు పేరును, ఈ నిషేధమును ఒక చీటిపై వ్రాయించి బిడ్డ బడిసంచిలో నొకటి, మేనమామ యింట నొకటి ఉంచుడు. పెండ్లిలో లడ్డు చేతబట్టి బ్రతిమాలు చుట్టము ఎదురైనప్పుడును ఆ చీటియే చూపవచ్చును.