కవి జీవితమా, కవి వాక్కా?

ఒక సంగీత సంస్థ ఒక కవి పేరుమీద కొత్త కృతిని చేయింపదలచినప్పుడు, ప్రకటనలో తరచుగా కనిపించే మాట ఒకటి ఉన్నది: ఈ రచన కవి జీవితంచే ప్రేరితమైనది అని. స్వరకర్తకు పురమాయింపు అందుతుంది. జాజ్ వాద్యకారులనూ పెద్ద ఆర్కెస్ట్రానూ ఒకే వేదికపై కూర్చుండబెడతారు. కవి పుట్టిన ఊరు, పడిన పేదరికం, చేసిన ప్రయాణాలు, విడిచిన తుదిశ్వాస, ఇవి కృతిలో నాలుగు భాగాలవుతాయి. కరతాళధ్వనులు మ్రోగుతాయి. ఇంటికి తిరిగివెళ్ళే శ్రోత చెవిలో ఆ కవి వ్రాసిన పంక్తి ఒక్కటైనా మిగిలినదా అని అడిగేవారు మాత్రం అరుదు. అడుగవలసిన ప్రశ్న అదే. కవిని సత్కరించే పేరుతో కవితను గడప బయట నిలిపే ఆచారం ఎంత వైభవంగా జరిగినా సత్కారమనిపించుకోదు.

హార్లెమ్ కవి లాంగ్‌స్టన్ హ్యూస్ సంగతి ఈ విషయంలో మంచి నిదర్శనం. భారతీయ పాఠకునికి ఆయన కేవలం పరాయివాడు కాడు. 1943లో గాంధీజీ ఆగాఖాన్ భవనంలో నిరాహారదీక్ష పూనినప్పుడు, దానిని గూర్చి అమెరికాలో కవిత వ్రాసిన నల్లజాతి కవి ఆయన. 1926లో వెలువడిన ఆయన తొలి సంపుటి ‘ది వేరీ బ్లూస్’ పేరులోనే సంగీతమున్నది. 1958లో చార్లెస్ మింగస్ మొదలైన జాజ్ వాద్యకారుల సహకారంతో తన కవితలను తానే చదివి రికార్డు చేయించినాడు. 1961లో ‘ఆస్క్ యువర్ మామా’ అనే దీర్ఘకావ్యాన్ని ప్రకటించినాడు. అందులో పద్యం ఒకవైపున నడుస్తుండగా, పక్క అంచున ఏ చోట ఏ వాద్యం పలుకవలెనో, ఎక్కడ లయ మారవలెనో, ఎక్కడ మౌనం వహింపవలెనో కవియే సూచించినాడు. త్యాగయ్యను ఎరిగిన తెలుగువారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. మాటనూ పాటనూ ఒకే ఊపిరిలో భావించినవాడు ఏ దేశంలో పుట్టినా వాగ్గేయకార వంశీయుడే.

హ్యూస్ 1967లో మరణించినాడు. ఆ కావ్యం పూర్తిగా ఆర్కెస్ట్రాతో, జాజ్‌తో, గానంతో పెద్ద వేదిక నెక్కినది 2009 మార్చిలో, న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో. స్వరకర్త్రి లారా కార్ప్‌మన్. ప్రధాన గాయని జెస్సీ నార్మన్. కవి స్వరాన్ని సైతం పాత రికార్డుల నుండి తీసుకొని అందులో వినిపించినారు. అచ్చులో సంగీత సూచనలతో సిద్ధంగా ఉన్న కావ్యం 48 సంవత్సరాలు ఎదురుచూడవలసివచ్చినది. ఐనప్పటికీ ఆ పురమాయింపు సరియైన దారిన నడిచినది. అక్కడ సంస్థ కవి జీవితచరిత్రతో ప్రారంభించలేదు. కవి పుస్తకంతో ప్రారంభించినది.

జీవితాన్ని ఎన్నుకొని వాక్కును విడిచిపెట్టడంలో సంస్థలకు ఒక సౌకర్యమున్నది. జీవితం ఎదురు చెప్పదు, కవిత చెప్పుతుంది. 1953 మార్చిలో హ్యూస్ సెనేటర్ మెకార్తీ ఉపసంఘం ఎదుట నిలువవలసివచ్చినది. పూర్వం తాను వ్రాసిన వామపక్ష కవితలకు అక్కడ సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చినది. జీవితచరిత్రను స్వరపరచేవాడు ఈ ఘట్టాన్ని ఏమి చేయగలడు? ఒక శాక్సఫోన్ విషాదంగా పలుకుతుంది. వెనుక తంత్రీవాద్యాలు నిట్టూర్చుతాయి. సభ చెమ్మగిలుతుంది. ఏ కవిత ఎవరికి కోపం తెప్పించినదో, ఎందుకు తెప్పించినదో సభలో ఎవరికీ తెలియదు. అన్యాయం కాస్తా కరుణరసమైపోతుంది. కోపగించుకొన్న వర్గంవారి వారసులు మొదటి వరుసలో కూర్చుండి కూడా నిశ్చింతగా కన్నీరు తుడుచుకొనగలరు.

దీనికి ఒక జవాబు వినవస్తుంది. 1959లో తన ఎంపిక కవితల సంపుటిని కూర్చినప్పుడు హ్యూసే ఆ తీవ్ర కవితలను చాలవరకు వదలివేసినాడు కదా, కవి వదలినదాన్ని ఇతరులు తవ్వితీయనేల అని. ఈ వాదం పైకి వినయంగా కనిపిస్తుంది. కాని విచారణ జరిగిన ఆరేళ్ళకు, బెదురు ఇంకా తీరని కాలంలో కూర్చిన విషయసూచికను వీలునామాగా చదవడం న్యాయం కాదు. మరి ఆ ఎంపికనే శిరసావహించేవారు కనీసం అందులో ఉన్న కవితలనైనా వినిపించవలెను కదా! వారు అదీ చేయరు.

రెండవ ఆక్షేపం దీనికంటె బరువైనది. సంగీతం స్వతంత్ర కళ, దానిని మాటకు దాసిగా చేయరాదు అంటారు. దీనికి సమాధానం జాజ్ చరిత్రలోనే దొరుకుతుంది. 1957లో డ్యూక్ ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్ కలిసి షేక్‌స్పియర్ పాత్రల ఆధారంగా ‘సచ్ స్వీట్ థండర్’ అనే వాద్యకృతిని కూర్చినారు. అందులో గాత్రం లేదు. ఐనా అందులోని నాలుగు సానెట్లలో స్వరాల నడక సానెట్ పద్యాన్నే అనుసరిస్తుంది: పద్నాలుగు పాదాలకు పద్నాలుగు స్వరవాక్యాలు, పాదంలోని పది అక్షరాలకు పది స్వరాలు. మాట వినిపించకపోయినా ఛందస్సు వినిపించినది. ఆ స్వరకర్తలు కవిని చదివినవారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టిన ఒక పెద్దమనిషి జీవితయాత్రను వారు స్వరపరచలేదు. కాబట్టి కోరుతున్నది మాటకు సంగీతం దాస్యం చేయడం కాదు. చదివిన తరువాతనే వాయించవలెనన్నది మాత్రమే.

మూడవ ఆక్షేపం అనువాదకులకు సంబంధించినది. కవిత భాష దాటితే చచ్చిపోతుంది, కనుక పరభాషా శ్రోతలకు జీవితకథే శరణ్యమంటారు. వియన్నాలో పుట్టిన స్వరకర్త అలెగ్జాండర్ జెమ్లిన్‌స్కీ ఈ మాటను నమ్మియుంటే రెండు ఉత్తమ కృతులు పుట్టేవి కావు. రవీంద్రుని బెంగాలీ గీతాలు మొదట కవి చేతనే ఇంగ్లీషులో ‘ది గార్డెనర్’ అయినవి. హాన్స్ ఎఫెన్‌బర్గర్ వాటిని జర్మన్‌లోనికి తెచ్చినాడు. అందుండి ఏడు గీతాలను గ్రహించి జెమ్లిన్‌స్కీ తన ‘లిరిక్ సింఫొనీ’ని రచించినాడు, అది 1924లో ప్రాగ్ నగరంలో తొలిసారి వినిపించినది. 1929లో ‘ఆఫ్రికా జింగ్ట్’ అనే జర్మన్ అనువాద సంకలనం వెలువడగానే, అందులోని హ్యూస్ మొదలైన నల్లజాతి కవుల గీతాలను అతడే ఆర్కెస్ట్రాకు కట్టినాడు. నాజీల కారణంగా దేశం విడిచి అమెరికా చేరి 1942లో అక్కడే మరణించిన ఈ స్వరకర్త ఒక బెంగాలీ కవినీ ఒక హార్లెమ్ కవినీ అనువాదాల ద్వారానే ఎరిగినాడు. ఎఫెన్‌బర్గర్ పేరు ఎందరు శ్రోతలు విన్నారు? అనువాదకుడు కట్టిన వంతెన మీద ఊరేగింపు దాటిపోతుంది, వంతెన పేరు ఎవరూ అడుగరు.

మాట అచ్చులో ఉండి చెవికి అందకపోయినా ప్రయోజనం సగమే. విలియం గ్రాంట్ స్టిల్ 1930లో రచించిన ‘ఆఫ్రో-అమెరికన్ సింఫొనీ’కి పాల్ లారెన్స్ డన్‌బర్ కవితాపంక్తులను జోడించినాడు. అవి స్వరప్రతిలో ఉన్నవి. వాద్యకృతి కనుక పలుకబడవు. కార్యక్రమ పత్రంలో వాటిని ముద్రించని సభలో డన్‌బర్ లేనట్లే లెక్క. ఒక అరపుట అచ్చుకూలి మిగుల్చుకొనడం కోసం కవిని పోగొట్టుకొనే లోభిత్వాన్ని ఏమనవలెను?

ఇది అమెరికావారి గొడవ అని భారతీయ సంస్థలు పక్కకు తప్పుకొనరాదు. రేపు నిరాలాపై ఇటువంటి కృతినే చేయించినారనుకొందాం. ప్రయాగలోని దారాగంజ్ గది వస్తుంది, దానగుణాన్ని గూర్చిన కథలు వస్తాయి, కూతురి మరణం వస్తుంది, మనోవ్యాకులత వస్తుంది. గులాబీని ధనికునిగా నిలబెట్టి పుట్టగొడుగు చేత తిట్టించిన ‘కుకుర్‌ముత్తా’ వస్తుందా? విరాళమిచ్చిన ధనికుడు మొదటి వరుసలో ఉండగా దానిని వినిపించే ధైర్యం ఎందరికున్నది? హిందీ పద్యాన్ని ఛందోబంధం నుండి విడిపించినవాడు, 1936 నాటి ‘గీతిక’ పీఠికలో సంగీతాన్ని గూర్చి స్వయంగా చర్చించినవాడు నిరాలా. జాజ్ మనోధర్మానికి ఆయన ముక్తఛందం కంటె తగిన తోడు దొరకడం కష్టం. ఆ ఛందస్సును విడిచి ఆయన చిరుగు దుప్పటిని స్వరపరచడం అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్లు, కవి దారిద్ర్యంతో సంస్థ కీర్తి సంపాదించుకొనడమే.

కావున ఒడంబడికలో కొన్ని నియమాలు ఉండి తీరవలెను. స్వరకర్తను నియమించకముందే కవితలు నిర్ణయం కావలెను. ఆ నిర్ణయంలో కవి భాష తెలిసినవారికి స్థానముండవలెను. అనువాదం అవసరమైన చోట అనువాదకునికి ప్రతిఫలం దక్కవలెను, స్వరకర్త పేరు ముద్రించిన పుటలోనే అతని పేరూ ఉండవలెను. తన మనోధర్మంతో కృతికి ప్రాణంపోసే జాజ్ వాద్యకారుని దినకూలివానిగా లెక్కింపక సహరచయితగా గుర్తింపవలెను. కవితల పూర్తిపాఠం శ్రోత చేతికి అందవలెను. తొలి ప్రదర్శనతో కృతిని బీరువాలో పెట్టక, కవి మసలిన వీథుల ప్రజల కోసం ఇంకొకసారైనా వినిపింపవలెను.

వీటికి వ్యయమెక్కువని సంస్థలు అంటాయి. ఆర్కెస్ట్రా వేతనాల ముందు, సభామందిరపు అద్దె ముందు ఈ వ్యయం ఏపాటిది? లోపించినది డబ్బు కాదు, చదివే ఓపిక. ఒక కవి పేరుమీద ధనం వెచ్చించదలచినవారు మొదట ఆయన పుస్తకాన్ని తెరవవలెను. చెక్కు పుస్తకాన్ని ఆ తరువాత తెరవవచ్చును.