ఆటల సంఘములకు యజమానులెవరు?

2024 సెప్టెంబరులో ఇంగ్లండులోని హాంప్‌షైరు క్రికెట్టు సంఘమును జి.ఎం.ఆర్. వారు కొనుచున్నారను వార్త వెలువడగా మురిసిన వారిలో మేమును ఉంటిమి. ఆ సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావుగారు రాజామువారు. 2022 వఱకు శ్రీకాకుళము జిల్లాలో నుండి పిమ్మట విజయనగరము జిల్లాలో చేరిన ఆ చిన్న పట్టణమున జనపనార పరిశ్రమతో మొదలైన ధనము, 1863లో పుట్టిన ఆంగ్లేయుల సంఘమును వశపఱచుకొనినది. పదునెనిమిది కౌంటీ సంఘములలో విదేశీయుల చేతిలోనికి పోయినది ఇదియే మొదటిది. మనల నేలినవారి మైదానమునకు మనవారు యజమానులైరని చెప్పుకొనుట చెవికింపుగనే యుండును. కాని ఆ యింపు తగ్గిన తరువాత మాకొక సందేహము కలిగినది. అమ్మినవారెవరు? అమ్మబడినది ఎవరిది?

ఆ పదునెనిమిదింటిలో పదునైదు సంఘములకు నేటికిని సభ్యులే యజమానులు. హాంప్‌షైరు సభ్యులు ఈ శతాబ్దారంభముననే, అప్పుల బాధ పడలేక, తమ సంఘమును కంపెనీగా మార్చుటకు ఒప్పుకొనిరి. కావున 2024లో వారి సమ్మతితో పనిలేక పోయినది. కొన్నవారియందు దోషమేమియు మాకు కానరాదు. అంగడిలో పెట్టిన వస్తువును వెలయిచ్చి కొనిరి. తరతరములుగా వానకు తడిసి, ఎండకు ఎండి, చందాలిచ్చి నిలుపుకొన్న దానిని అంగడిలో పెట్టవచ్చునా యనునదియే మా వాదము.

ధనము ఆటలో ప్రవేశించినచో ఏమగునో విజయనగరమువారికి పరదేశీయులు చెప్పనక్కఱలేదు. పూసపాటివారి రాజకుమారుడు విజయానంద గజపతిరాజుగారు 1930–31లో సొంత ఖర్చుతో హాబ్సు, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆంగ్లేయ ఆటగాండ్రను రప్పించి, తన పేర జట్టు కట్టి, హిందూదేశమునను సింహళమునను త్రిప్పిరి. అంతవఱకు అది ఉదారమైన వేడుకయే. 1936లో ఇంగ్లండునకు పోయిన దేశపు జట్టుకు వారే నాయకులైరి. మూడు టెస్టులలో వారు చేసిన పరుగులు ముప్పదిమూడు. 1932లో మొదటి నాయకుడై జట్టును నడపిన మన తెలుగు బిడ్డ సి.కె. నాయుడుగారు వారి క్రింద ఆడవలసి వచ్చినది. లాలా అమరనాథును నడిమధ్యనే ఓడయెక్కించి ఇంటికి పంపిరి. పిదప విచారణసంఘము అతనిని నిర్దోషియని తేల్చి, నాయకత్వమునే తప్పుపట్టినది. రాజుగారికి ఆటయందు ప్రేమ లేదని మేమనము. ప్రేమ చాలదనియే మా మాట. డబ్బిచ్చిన చేతికి బ్యాటు కూడ ఇయ్యవలసి వచ్చుటయే ఆ కథలోని కీడు.

పుట్‌బాలు సంఘముల సంగతి ఇంతకంటె ఘోరము. 2003లో చెల్సీని రష్యా ధనికుడు కొనెను. 2008లో మాంచెస్టరు సిటీ అబూధాబీ వారిదయ్యెను. 2021లో న్యూకాసిల్ సౌదీ ప్రభుత్వనిధి చేతిలో పడెను. ఈ వరుసలో తెలుగువారి పేరును ఉన్నది. కోళ్ల పరిశ్రమలో ప్రసిద్ధులైన బండా వాసుదేవరావుగారి సంతతివారు, పూనాలోని వెంకీస్ యజమానులు, 1875లో పుట్టిన బ్లాక్‌బర్న్ రోవర్సును 2010 నవంబరులో రెండుకోట్ల ముప్పదిలక్షల పౌనులకు కొనిరి. నెల తిరుగకమునుపే శిక్షణాధిపతిని తొలగించిరి. 2012లో జట్టు మొదటి శ్రేణినుండి జాఱినది. ఆనాడు ప్రేక్షకులెవరో ఒక కోడిని మైదానములోనికి వదలి తమ మనసు తెలిపిరి. 2017లో మూడవ శ్రేణికి దిగి, మఱుసటి యేడు పైకి లేచినది. యజమానులు నష్టములను పూడ్చుచు కోట్ల పౌనులు పోసిరనుట సత్యము. కాని 2023–24లో ఈ దేశమునుండి ఆ సంఘమునకు సొమ్ము పంపుటకు ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసి వచ్చెను. లాంకషైరులోని నేతపనివారి పట్టణమున ఆటగాండ్రకు జీతములు ముట్టుట ఢిల్లీలోని దస్తావేజుకట్టపై ఆధారపడినదన్నమాట.

దీనికి మందుగా వ్యయనియమములు కల్పించిరి. యూరపు సమాఖ్య 2010లో, ఆదాయమునకు మించి వెచ్చింపరాదని శాసించెను. ఇంగ్లండు ప్రీమియరు లీగు మూడేండ్లలో పదికోట్ల యేబదిలక్షల పౌనులకు మించి నష్టపడరాదనెను. దానికి మాఱుగా 2026–27 నుండి ఆదాయములో నూటికి 85 వంతులు మాత్రమే ఆటగాండ్రపై వెచ్చింపవలెనని 2025 నవంబరులో తీర్మానించిరి. వినుటకు న్యాయముగనే యున్నది. లెక్క వేసిచూడుడు: నూఱు రాబడిగలవాడు ఎనుబదియైదు పెట్టవచ్చును, వేయి రాబడిగలవాడు ఎనిమిదివందల యేబది పెట్టవచ్చును. నిన్నటి ధనికునకు కోట కట్టియిచ్చి, నేటి పేదను వెలుపల నిలుపు శాసనమిది. అమలుతీరు చూడుడు. ఎవర్టనుపై 2023 మార్చిలో అభియోగము, నవంబరుకే పది పాయింట్ల కోత (అప్పీలులో ఆఱుకు తగ్గెను). మాంచెస్టరు సిటీపై నూటికి పైబడిన అభియోగములు అదే యేట ఫిబ్రవరిలో. అవి నిజము కావని సంఘమువారు చెప్పుచుండగా, విచారణ మొదలగుటకే 2024 సెప్టెంబరు వచ్చెను. న్యాయవాదులకు కొదవలేని వానికి కాలము దొరకును.

వ్యయమునకు హద్దు పెట్టుట తగును. యాజమాన్యమునకు హద్దు లేనంత కాలము అది గడియలేని తలుపే. జర్మనీవారు సంఘపు వోట్లలో సగముకన్న ఒక్కటి యెక్కువ సభ్యుల చేతిలోనే యుండవలెనని 1998లోనే నియమించిరి. ఒకటిరెండు కర్మాగారముల జట్లకు మినహాయింపులిచ్చుట లోపమే, అయినను మూలము చెడలేదు. ధనికులు రానిచో ఆట క్షీణించునని కొందఱనుచున్నారు. ధనికులు రావలదని మేమనుటలేదు. ఇల్లు బాగుచేయుటకు అప్పిచ్చినవాడు ఇంటివారిని బయటకు నెట్టరాదనుచున్నాము. ఊసవానిపేటనుండి బయలుదేఱి 2000లో సిడ్నీలో కంచుపతకము గెలిచిన కరణం మల్లీశ్వరిని ఏ కోటీశ్వరుడును కొని తీర్చిదిద్దలేదు; పల్లెటూరి వ్యాయామశాల తీర్చిదిద్దినది.

ఇదంతయు పరాయిదేశపు గొడవ యని ఊరకుండుటకును వీలులేదు. 2009లో విజేతయైన డెక్కన్ చార్జర్సు, యజమానుల ఆర్థిక దురవస్థచేత 2012లో రద్దయ్యెను. 2022 మార్చిలో ఇండియన్ సూపరు లీగు కప్పు గెలిచిన హైదరాబాదు పుట్‌బాలు సంఘము మఱుసటి యేండ్లలో జీతములీయలేక చిక్కులలో పడి, 2024లో పరుల చేతికి మాఱి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. టిక్కెట్టు కొని కేకలు వేసిన హైదరాబాదు కుఱ్ఱవానిని ఎవ్వరును ఒక మాట అడుగలేదు.