మూడు నెలలే కదా అంటారు!

అమెరికాలో ఉద్యోగం ఊరు మారితే, ఇల్లు దొరికేదాకా ట్రావెల్ ట్రైలర్‌లో ఉండేవాళ్లు ఉన్నారు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్లే ఇల్లన్నమాట. టెక్సస్‌కి మారినప్పుడు మేమూ ఒక ఆర్‌వీ పార్కులో అలాగే ఉన్నాం. ఏడాది లీజుకి కట్టుబడకుండా ఊరూ, బడులూ చూసుకుని నిదానంగా ఇల్లు వెతుక్కోవచ్చు. ఆ లెక్క నాకూ నచ్చింది.

కానీ ఆ లెక్కలో ఇంటి చాకిరీని ఎవరూ వేయరు. మాది 30 ఆంపుల కరెంటు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెడితే బ్రేకర్ పడిపోయేది. తాలింపు వేస్తే పొగ అలారం మోగేది, ఆ ఘాటు దుప్పట్లకి పట్టేసేది. ఇక నీళ్లకి మూడు ట్యాంకులు: మంచినీళ్లది, సింకూ స్నానాల నీళ్లది, మరుగుదొడ్డిది. చివరి రెండూ నిండకముందే గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ముందు మరుగుదొడ్డిది, తర్వాత సింకుది. అప్పుడు ఆ సబ్బునీళ్లకి గొట్టం కొంత శుభ్రపడుతుంది.

ఆయన ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్లిపోతారు. పగలంతా అందులో ఉండేది మనమే కాబట్టి అన్నీ మన పనులే అయిపోతాయి. మూడు నెలలు అందరికీ ఒకే పొడుగు ఉండవండీ!

ట్రైలర్ వద్దని నేననను. ఒప్పుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి అంటాను. ఏ తేదీకి ఖాళీ చేస్తాం? ఆ ట్యాంకుల పని ఎవరిది? మా ఇంట్లో అది మావారి పని అని తేలాక, "ఇంకో నెల ఉందామా" అన్న మాట మళ్లీ వినబడలేదు!