49 స్టెప్పుల్లో టమాటా లెక్క

రామసముద్రం రైతు మదనపల్లె మండీలో టమాటా అమ్మితే చేతికొచ్చేదెంత? బాక్సుల్ని ధరతో హెచ్చవేసి, కమీషన్ కోసి, బాక్సుకింతని హమాలీ తీసేయాలి. మామూలు క్యాలిక్యులేటర్‌లో ప్రతి రైతుకూ ఈ లెక్క మొదటినుంచీ నొక్కాల్సిందే.

1975లో వచ్చిన హెచ్‌పీ-25కు ఒక్కసారి నేర్పితే చాలు. కమీషన్ శాతం ఒక గదిలో, హమాలీ రేటు ఇంకో గదిలో దాచి, బాక్సులూ ధరా ఇస్తే మిగిలింది చెప్పేస్తుంది. దాని జ్ఞాపకమంతా కలిపి 49 స్టెప్పులు, ఎనిమిది గదులు. స్విచ్చాపితే అన్నీ మర్చిపోయేది.

మజా అంతా ప్రోగ్రాం రాయడంలోనే. బాక్సుల్ని ధరతో గుణించగానే బాక్సుల సంఖ్య చెరిగిపోతుంది; హమాలీ లెక్కకు అదే మళ్ళీ కావాలి. గుణించేముందు రెండింటి చోట్లూ తారుమారు చేస్తే, చివరగా వాడిన సంఖ్యను తిరిగిచ్చే ‘లాస్ట్ ఎక్స్’ మీటతో బాక్సులు వెనక్కి వస్తాయి. ఇంకో గది ఖర్చు కాదు. మొత్తం లెక్క 11 స్టెప్పుల్లో ముగుస్తుంది. జాగా చాలదన్న భయమే ఈ ఉపాయం నేర్పుతుంది. గిగాబైట్ల ఫోను ముందు కూర్చున్న పిల్లవాడికి ఆ భయం ఎక్కడిది?

మన ఇంజినీరింగ్ విద్యార్థులకు బాగా తెలిసిన క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్‌లోనూ హద్దుంది. ఒక లెక్కకు 79 స్టెప్పులు; 73కు చేరగానే కర్సర్ గీత కాస్తా నల్లడబ్బా అవుతుంది. అయితే అందులో ప్రోగ్రాం దాచడం కుదరదు. సూత్రాలు దాచుకొస్తారని పరీక్ష హాల్లో ప్రోగ్రామబుల్ యంత్రాలను వద్దంటారు, న్యాయమే. ఆ నిషేధం తరగతి గదిలోకీ పాకడమే తప్పు.

2002లో ఇదే హెచ్‌పీ, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు పెట్టింది. పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, ప్రింటరు, సోలార్ పలకతో ఊరూరా ఫొటోలు తీశారు. మంచి పనే. కానీ యంత్రాన్ని వాడటం వేరు, దానికి పని నేర్పడం వేరు.

1981 నాటి హెచ్‌పీ-12సీలో 99 స్టెప్పులు పడతాయి. దాని నకళ్ళు ఫోన్లలోనే దొరుకుతున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీలు పైథాన్‌కు ముందు ఒక వారం దీనికిస్తే నష్టమేమీ లేదు. మొదటి పాఠం టమాటా లెక్కే కావచ్చు. అందులో బండి బాడుగ కూడా తీసేయాలంటే ఇంకో రెండు స్టెప్పులు. పాత హెచ్‌పీ-25లోనైనా ఇంకా 36 ఖాళీ.